మీకు తెలుసా? త్రీ నాట్ త్రీకి తూటా ఎందుకు అడ్డం పడేది?

పోలీస్ స్టేషన్ సెంట్రీల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన ‘త్రీ నాట్ త్రీ’ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. బురదైనా, ఇసుకైనా లెక్కచేయదని రెండు ప్రపంచ యుద్ధాల్లో పేరు తెచ్చుకుంది. అయినా దానికీ ఒక జబ్బుంది: బోల్టు ముందుకు తోస్తుంటే తూటా సగంలో బిగుసుకుపోవడం.

తప్పు తుపాకీది కాదు, తూటాది. 1880లలో రూపుదిద్దుకున్న ఆ తూటా అడుగున చుట్టూ ఒక అంచు పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు, కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందా, బోల్టు తోసినప్పుడు పైది కిందిదాన్ని కొక్కెంలా పట్టేసుకుంటుంది. ఇక రెండూ కదలవు. అయిదేసి తూటాల క్లిప్పులు రెండు గుచ్చితే పది నిండుతాయి; ఆ క్లిప్పుల్లో అంచుల వరస తప్పితే తిప్పలే.

మందు సులువే: మ్యాగజైన్ ఖాళీ చేసి, వరస చూసుకుని మళ్లీ నింపడం. అప్పటికీ మొరాయిస్తే మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే రేకు పెదవులను అనుమానించాలి. కిందపడి కాస్త వంగినా తూటా ముక్కు దారి తప్పుతుంది. ఒక రైఫిల్ మ్యాగజైన్ ఇంకోదానికి కుదురుతుందన్న భరోసా కూడా లేదు.

1960లలో మన ఇషాపూర్ ఫ్యాక్టరీ ఇదే రైఫిల్‌ను 7.62 తూటాకు మార్చింది. ఆ తూటాకు పొడుచుకొచ్చే అంచు లేదు, ఈ కొక్కెం గొడవా లేదు.