రాచపుండు కణములు ఎట్లు ప్రయాణము చేయును?

రాచపుండు, అనగా క్యాన్సరు, అను మాట వినినంతనే మనవారు భయపడుదురు. ఆ భయము నిష్కారణమైనది కాదు. కాని ఆ వ్యాధి మనుష్యుని ఏ విధమున చంపుచున్నదో యెఱిగినవారు అరుదు. తొలుత పుట్టిన గడ్డ పుట్టినచోటనే యుండినయెడల శస్త్రవైద్యుడు దానిని కోసి తీసివేయుటకు తఱచు వీలగును. దానినుండి విడివడిన కణములు రక్తముతో గాని లింఫ్ రసముతో గాని కొట్టుకొనిపోయి, ఊపిరితిత్తులలోను, కాలేయములోను, ఎముకలలోను, మెదడులోను క్రొత్త గడ్డలను లేపును. క్యాన్సరు మరణములలో ఎక్కువ భాగము ఈ వలస వలననే కలుగుచున్నవి. కావున కణము తన చోటు విడిచి యేల కదలును, ఎట్లు కదలును అను రెండు ప్రశ్నలను గూర్చి యిచట వివరింపబూనితిమి.

మన శరీరము కణములను ఇటుకలతో కట్టిన గోడవంటిది. ఇటుకకు సున్నము బయటినుండి తేవలెను. కణమో తన జిగురును తానే పుట్టించుకొని తన పైపొరమీద నిలుపుకొనును. ఈ జిగురు ఒక జాతి మాంసకృత్తులు. సున్నపు ధాతువగు కాల్సియము ఉన్నప్పుడే పనిచేయు అతుకు ఒకటి కణములకు కలదని జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి తకేయిచి గారు 1977లో చూపిరి. పిమ్మట ఆ మాంసకృత్తులకు కెడ్‌హెరిన్లు అను పేరు కలిగినది. వానిలో చర్మమువంటి పొరలను కూర్చునది ఇ-కెడ్‌హెరిన్. దాని వెలుపలి కొన ప్రక్క కణముమీది ఇ-కెడ్‌హెరిన్‌తో చేయి కలుపును. లోపలి కొన కణములోని ఆక్టిన్ అను సన్నని దారములకు ముడివడియుండును. ఈ పట్టు ఉన్నంతకాలము కణము ఇరుగుపొరుగులను విడిచి పోజాలదు.

ఆ పట్టు తప్పినచో ఏమగునో న్యూజీలండు దేశపు మావోరీ కుటుంబ మొకటి లోకమునకు తెలిపినది. ఆ వంశమున తరతరములుగా పలువురు పిన్నవయస్సుననే జీర్ణకోశపు క్యాన్సరుతో మరణించుచుండిరి. తమకీ దుఃఖ మేల ప్రాప్తించుచున్నదో తెలిసికొనగోరి ఆ కుటుంబమువారే పరిశోధకుల నాశ్రయించిరి. ఒటాగో విశ్వవిద్యాలయమునకు చెందిన పారీ గిల్‌ఫర్డ్ గారును వారి సహచరులును ఆ కుటుంబమువారితో కలసి పనిచేసి, ఇ-కెడ్‌హెరిన్‌ను నిర్మించు జన్యువునందలి లోపము తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుచున్నదని 1998లో ప్రకటించిరి. ఈ జాతి క్యాన్సరులో కణములు ఒక గడ్డగా కూడక, దారము తెగిన దండలోని పూసలవలె జీర్ణకోశపు గోడలో చెదరిపోవును. అందుచేత తొలిదశలో గొట్టము వేసి చూచినను కానరాకపోవచ్చును. ఇప్పుడు రక్తపరీక్షచే ఆ లోపము కలవారిని ముందుగనే గుర్తించి, వైద్యుల సలహాపై జీర్ణకోశమును తీసివేయుటయో, తఱచు పరీక్షించుచుండుటయో చేయుచున్నారు. ఒక మాంసకృత్తును గూర్చిన జ్ఞానము ఇట్లు ప్రాణములను నిలుపుచున్నది.

అయినను పట్టు వదలినంతమాత్రమున నడక రాదు. నడచుటకు వేఱొక పట్టు కావలెను. తాటిచెట్టు నెక్కు గీతవానిని చూడుడు. కాళ్లతో మ్రానును అదిమి, మోకును పైకి జరుపును. పిమ్మట మోకుపై ఆని కాళ్లను పైకి తీసికొనును. కణమును అట్లే ముందువైపు పలుచని అంచును చాచి, దానిమీది ఇంటిగ్రిన్ అను మాంసకృత్తులతో కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్ మొదలగు పోగులను పట్టుకొనును. లోపలి ఆక్టిన్ దారములు బిగిసి దేహమును ముందునకు లాగును. అంతట వెనుక పట్టు విడిపోవును. పట్టు మిక్కిలి వదులైన జారిపోవును. మిక్కిలి గట్టిదైన కదలలేదు. మధ్యమమైన పట్టునందే కణము వడిగా పోవునని ప్రయోగములచే తేలినది. దారికి పోగులు అడ్డమైనయెడల, కొన్ని కణములు తమ పైపొరమీది కత్తెరలవంటి మాంసకృత్తులతో వానిని తెగగొట్టుకొని పోవును.

ఈ ఇంటిగ్రిన్లను కనుగొని వివరించినందులకు రిచర్డ్ హైన్స్, ఎర్కి రువోస్లాహ్టి, తిమోతి స్ప్రింగర్ గారలకు 2022లో లాస్కర్ బహుమానము లభించినది. ఇచట ఒక మాట చెప్పవలెను. కణములన్నియు ఒంటరిగనే పోవునని తలంపరాదు. కొన్ని తమ కెడ్‌హెరిన్లను విడువక గుంపులుగ కూడ పోవును.

రక్తమున పడిన కణములలో మిక్కిలి కొద్ది మాత్రమే క్రొత్తచోట నాటుకొనును. 1889లో స్టీఫెన్ పాజెట్ అను ఆంగ్ల వైద్యుడు, రొమ్ము క్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల వృత్తాంతములను పరిశీలించి, గడ్డలు ఎచట పడిన నచట లేవవనియు, విత్తనమునకు తగిన నేల యుండవలెననియు వ్రాసెను. విత్తువాని ఉపమానమును ఎఱిగిన మన పాఠశాల బాలబాలికలకు ఇది సులభముగనే బోధపడును. క్యాన్సరు కణములు విడుచు సూక్ష్మమైన బుడగలమీది ఇంటిగ్రిన్ల జాతిని బట్టి అవి ఊపిరితిత్తులను చేరుటయో కాలేయమును చేరుటయో జరుగునని 2015లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపినది. నేలను వెదకుటలోను పైపొర మాంసకృత్తులకు పాలు కలదన్నమాట.

అట్లయిన ఇంటిగ్రిన్లను మందుతో కట్టివేయరాదా యని చదువరులు అడుగవచ్చును. చిక్కేమనగా, మన తెల్లరక్తకణములు గాయముకడకు పరుగెత్తునది ఇంటిగ్రిన్ల సాయముననే. పుట్టుకతో ఒక జాతి ఇంటిగ్రిన్ లోపించిన శిశువులకు బొడ్డు త్రాడు ఆలస్యముగ ఊడును; మరల మరల క్రిములు సోకి ప్రాణాపాయము కలుగును. మెదడు క్యాన్సరు రోగులకు సిలెంజిటైడ్ అను ఇంటిగ్రిన్ నిరోధకము నిచ్చి చూచిన పెద్ద పరీక్షలో ఆయుర్దాయము పెరుగలేదని 2014లో ప్రచురితమైనది. మన ప్రాణమును కాపాడు సాధనమునే వ్యాధి అపహరించుచున్నది గనుక దానిని అడ్డుట యింత కష్టమగుచున్నది.

ఇందుండి మనము గ్రహింపవలసినది యొకటి కలదు. ప్రయాణము సాగిన పిదప కణములను వెంటాడుట కష్టము. సాగకమునుపే గడ్డను పట్టుట సులభము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో చుట్టకొఱవిని నోటిలోపల నుంచి పీల్చు అడ్డపొగ వలన అంగిటికి క్యాన్సరు వచ్చుట వైద్యులు చిరకాలముగ ఎఱిగిన విషయమే. నోటి క్యాన్సరులలో కణములమీది ఇ-కెడ్‌హెరిన్ తగ్గినకొలదిని మెడలోని గ్రంథులకు ప్రాకుట హెచ్చుగ కానవచ్చుచున్నది. కావున మన అవ్వల నోట మూడు వారములు దాటినను మానని పుండు గాని, తెల్లని మచ్చ గాని, మెడలో గడ్డ గాని కనబడినయెడల, నొప్పి లేదుగదా యని ఊరకుండక వెంటనే వైద్యునికడకు తోడుకొనిపోవలెను. చదువుకొన్న బిడ్డ యింటికి చేయగల ఉపకారములలో ఇది చిన్నది కాదు.