పాలమూరు జొన్నరొట్టె

క్రొత్త ఊరికి పోయినవారు మంచి తిండి యెచట దొరకునని అడుగుట సహజము. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను పేర మహబూబునగరమైన పాలమూరులో నన్నెవరైన అట్లడిగినచో, సాయంకాలము వీధిప్రక్కన పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు తట్టు స్త్రీలయొద్దకు తీసికొనిపోవుదును.

పాలమూరు, నల్లగొండ జిల్లాలు మెట్టసీమలు. కొద్దిపాటి తడికే పండు జొన్న ఇచట తరతరములుగ ప్రజల ముఖ్యాహారము. వరియన్నము పండుగనాటి భోజనము. కాలువలు వచ్చిన పిమ్మటను, 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుట మొదలైన పిమ్మటను అన్నము నిత్యభోజనమైనది. రొట్టె తట్టనేర్చిన చేతులును తగ్గినవి.

ఆ నేర్పు సామాన్యమైనది కాదు. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు. అందుచే మరిగిన నీటితో కలిపి, వేడి తగ్గకమునుపే బాగుగ మదిపి, అరచేత తట్టుచు గుండ్రముగ త్రిప్పుదురు. పెనముపై వేసి, పిండి యెండి పగులకుండ తడిగుడ్డతో పైన నీరద్దుదురు. తడి యారగానే తిరుగవేసి కాల్చగా రొట్టె పొంగును. నేను తట్టిన రొట్టె పెనము చేరకమునుపే మూడు ముక్కలైనది!

ఒకప్పుడు పేదల తిండియని దీనిని చిన్నచూపు చూచిరి. నేడు మధుమేహము గలవారును, కారులలో వచ్చినవారును ఆ పొయ్యిచుట్టు నిలిచి తమ వంతుకై వేచియుందురు. ఇంట వెలలేని చాకిరిగ సాగిన పని ఇప్పుడు ఆ యిల్లాండ్ర సంసారములను నడుపుచున్నది.

వేడిరొట్టెకు వెల్లుల్లికారము, పచ్చియుల్లిపాయ చాలును. ప్రొద్దుపోయినచో పిండి యయిపోవును. దీపములు పెట్టువేళకే పోవలెను.