పాత పికప్పుకు కట్టలు, బంపరు: గూళ్ళ బండికి ఏది మేలు, ఏది నష్టం



ఈ సారి ఆకు గురించో, ఊజీ ఈగ గురించో కాదు, బండి గురించి రాస్తున్నాము. మన గుంపులో పాత పికప్పు కొన్నవాళ్ళు ఈ మధ్య ఎక్కువైనారు. కొన్న వెంటనే చానా మంది రెండు పనులు చేస్తారు. వెనక కట్టల్లో ఇంకో రెండు ప్లేట్లు వేయిస్తారు, ముందర లావు ఇనుప గార్డు పెట్టిస్తారు. మేమూ రెండూ చేసినాము. తర్వాత రెండూ తీసేసినాము. ఎందుకు పెట్టినామో, ఎందుకు తీసినామో, వాటి బదులు ఏమి చేసుకుంటే మేలో చెప్తాము.

*మాకు జరిగింది*

మాది పదేళ్ళు దాటిన సెకండ్ హ్యాండు బండి. మల్బరీ తోటకు పశువుల ఎరువు తోలినప్పుడు వెనక భాగం కూర్చుండిపోయేది. మెకానిక్కు దగ్గరకు పోతే, "ప్లేట్లు వేసేద్దాము, ఇంక ఎంత వేసినా దిగదు" అన్నాడు. ఒక్కో పక్క రెండు లావు ప్లేట్లు ఎక్కించినాము. నిజంగానే ఎరువు వేసినా దిగలేదు. బండి వెనక ఎత్తుగా నిలబడితే చూడ్డానికి కూడా బాగుండింది.

తర్వాత పంట బాగా పండింది. 180 కిలోల పైన సి.బి. గూళ్ళు. 6వ రోజు విడిపించి, తెల్లవారుజామున బండికి వేసుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయినాము. అక్కడ రీలర్లు చేతికొచ్చిన నాలుగు గూళ్ళు కోసి చూసినారు. లోపల మరక. ఇంకో నాలుగు కోసినారు, వాటిలో రెండిట్లో మరక. వేలం పాట కిందికి దిగిపోయింది. పక్కింటి వాళ్ళవి అదే చాకీ పురుగులు, అదే రోజు విడిపించినవి, వేరే బండిలో వచ్చినాయి. వాళ్ళకు మంచి రేటే పలికింది.

మొదట రోగమేమో అనుకున్నాము. తర్వాత పంటలో పరీక్ష చేసినాము. కొన్ని సంచులు డ్రైవరు క్యాబిను వెనకాలే పెట్టినాము, కొన్ని చివర డోరు దగ్గర పెట్టినాము. ఇంటికాడ ఒక సంచి ఉంచుకున్నాము. మార్కెట్టులో దించినాక ఒక్కో దానిలో పాతిక గూళ్ళు కోసి చూసినాము. చివర పెట్టిన వాటిలో మరకలు ఎక్కువ, ముందువి తక్కువ, ఇంటి సంచి శుభ్రంగా ఉంది. తప్పు పురుగుది కాదు, బండిదే.

*గట్టి కట్ట ఎందుకు చెడ్డది*

ఆంధ్ర పక్క కమాన్ కట్టలు అంటారు, మా పక్క ప్లేట్లు అంటారు, ఏదన్నా ఒకటే. ఆ ప్లేట్లు వంగాలి. వంగితేనే గుంతలో పడిన దెబ్బను అవి తీసుకుంటాయి. వంగకపోతే ఆ దెబ్బ నేరుగా తొట్టికి, తొట్టిలోని సరుకుకు పోతుంది.

ఉన్నట్టే ఉండే మందం ప్లేటు ఇంకొకటి వేస్తే ఒక లెక్కన గట్టితనం పెరుగుతుంది. అంతకంటే లావు ప్లేటు వేస్తే ఇంకా ఘోరం. మందం రెండింతలైతే ఆ ప్లేటు గట్టితనం ఎనిమిదింతలవుతుంది. అందుకే "కాస్త లావుది వేద్దాం" అనే మాట దగ్గర జాగ్రత్త.

ఇప్పుడు మన సరుకు చూడండి. 100 గుడ్లకు 65, 70 కిలోల గూళ్ళు వస్తే సంతోషమే. 300 గుడ్ల పంటైనా 200 కిలోల దగ్గరే. పికప్పు మోసేది టన్ను పైన. అంటే గూళ్ళతో పోయేటప్పుడు మన బండి దాదాపు ఖాళీ బండే. గూళ్ళు తొట్టి నిండా కనిపిస్తాయి కానీ బరువు ఉండదు. ఎరువు కోసం గట్టిపరచిన కట్టలకు ఈ బరువు చాలదు. అవి అసలు వంగవు. స్పీడ్ బ్రేకరు మీద తొట్టి ఎగిరి పడుతుంది, సంచులు ఎగిరి పడతాయి, లోపలి ప్యూపా చిట్లుతుంది. ఆ రసమే మరక.

బైవోల్టిన్ వాళ్ళు ఇంకా గమనించాలి. 7, 8 రోజులకు ప్యూపా గోధుమ రంగుకు తిరిగి చర్మం గట్టిపడుతుంది. రేటు బాగుందని ఒక రోజు ముందే విడిపిస్తే చర్మం మెత్తగా ఉంటుంది. మెత్తటి ప్యూపా, గట్టి కట్టలు రెండూ కలిస్తే లాటు పోయినట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. చానా పికప్పుల్లో వెనక ఇరుసుకు ఒక చిన్న కడ్డీ కలిపి, పైన ఒక వాల్వు ఉంటుంది. దాన్ని లోడ్ సెన్సింగ్ వాల్వు అంటారు. బండి వెనక ఎంత దిగిందో చూసి, బరువు ఎంతుందో అంచనా కట్టి, వెనక బ్రేకుకు అంత ఒత్తిడి పంపుతుంది. ప్లేట్లు ఎక్కించి వెనక ఎత్తు చేస్తే, నిండు బరువున్నా ఆ వాల్వు ఖాళీ బండే అనుకుంటుంది. వెనక బ్రేకు తక్కువ పడుతుంది. ఘాటు దిగేటప్పుడు ఇది ప్రాణాల మీదికి వస్తుంది. కట్టలు మార్చిన ఏ బండికైనా ఈ వాల్వును సరిచూపించుకోవాలి.

*ప్లేట్లు వేసే ముందు చూడాల్సిన ఐదు*

బండి కూర్చుంటోంది, ఎగురుతోంది అంటే వెంటనే కొత్త ప్లేటు కాదు. తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టండి.

1. టైరు గాలి. నిండు బరువుకు ఒక లెక్క, ఖాళీ బండికి ఒక లెక్క ఉంటుంది. డోరు దగ్గర స్టిక్కరులోనో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఎరువుకు కొట్టిన గాలితోనే గూళ్ళు తీసుకుపోతే టైరే రాయిలాగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి.

2. బుష్‌లు, షాకిల్ పిన్నులు. కట్ట రెండు చివర్లా రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి అరిగితే గుంతలో "టక్ టక్" అంటుంది. పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటే కట్ట వంగినా సాగడానికి జాగా ఉండదు, మంచి కట్ట కూడా గట్టి కట్ట అయిపోతుంది. గ్రీజు పెట్టే చోట గ్రీజు పెట్టించండి.

3. షాక్ అబ్జార్బర్లు. చానా మంది షాక్‌లు బరువు మోస్తాయి అనుకుంటారు. బరువు మోసేది కట్టలు. కట్ట ఊగకుండా ఆపేది షాక్. మూల మీద గట్టిగా అదిమి వదలండి. ఒకసారి లేచి, దిగి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగితే షాక్ పోయినట్టే. పైన నూనె తడి ఉన్నా పోయినట్టే. మార్చేటప్పుడు రెండు పక్కలా జతగా మార్చాలి.

4. కట్టల ఎత్తు. సమంగా ఉన్న నేల మీద, ఖాళీ బండితో, చక్రం నడుమ నుంచి పైన తొట్టి అంచు వరకు టేపుతో రెండు పక్కలా కొలవండి. అంగుళం పైగా తేడా ఉంటే ఒక పక్క కట్ట కూర్చుంది, లేదా ఒక ప్లేటు విరిగింది. విరుగుడు ఎక్కువగా నడుమ సెంటరు బోల్టు దగ్గరే ఉంటుంది, మట్టి పట్టి కనపడదు. కడిగి, టార్చి వేసి చూడండి.

5. యూ బోల్టులు. ఇరుసును కట్టకు పట్టి ఉంచేవి ఇవే. కట్ట విప్పినప్పుడల్లా పాత యూ బోల్టులు పారేసి కొత్తవి వేయించాలి. వేసినాక వందో, రెండు వందలో కిలోమీటర్లు తిరిగి మళ్ళీ బిగించాలి. ఈ ఒక్క పని మరిచిపోయి సెంటరు బోల్టు తెగిన బండ్లు చానా ఉన్నాయి.

మా బండిలో చూస్తే షాక్‌లు రెండూ పోయినాయి, ఒక పక్క రెండో ప్లేటు విరిగింది. బండి కూర్చోవడానికి కారణం అదే. మేము ఆ రోగం వదిలేసి పైన బరువు ప్లేట్లు వేసినాము.

*మేము చేయించిన రిపేరు*

అదనపు ప్లేట్లు తీసేసి, బండికి మొదట ఎన్ని ఉండాలో అన్నే ఉంచినాము. విరిగిన ప్లేటు, దాని జోడుగా రెండో పక్క ప్లేటు కొత్తవి వేసినాము. బుష్‌లు, షాక్‌లు, యూ బోల్టులు కొత్తవి. అంతే.

పాత కట్టను వంపు తెప్పించి మళ్ళీ వేస్తామని కొందరంటారు. చల్లగా సుత్తితో కొట్టి వంపు తెచ్చే పనివాళ్ళు ఉన్నారు, అది కొన్నాళ్ళు నిలుస్తుంది. గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచితే మాత్రం ఉక్కు పదును పోతుంది, తొందరలోనే మళ్ళీ కూర్చుంటుంది. కట్ట మీద వెల్డింగు అసలే వద్దు, అక్కడే విరుగుతుంది.

మరి ఎరువు ఎట్లా తోలాలి? రెండు ట్రిప్పులు వేయండి. ప్లేట్లు వేసినంత మాత్రాన ఆర్.సి.లో రాసిన బరువు పెరగదు. ఇరుసు, బ్రేకు, టైరు పాతవే. బరువు ఎక్కువైతే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జుల్మానా ఉంది. ఇంకో ట్రిప్పు డీజిలు దాని ముందు ఏపాటిది?

*ఇంక బంపరు సంగతి*

రాత్రి పూట ఆవులు, గేదెలు అడ్డం వస్తాయని మేము ముందర లావు పైపుల గార్డు పెట్టించినాము. ముప్పై కిలోల పైనే ఉండింది. ఒకసారి మలుపులో మెల్లగానే పోయి రాతి కట్టకు తగిలినాము. గార్డుకు గీత కూడా పడలేదు, సంతోషపడినాము. వారం తర్వాత బంపరు ఒక పక్కకు వంకరగా కనిపిస్తే విప్పి చూసినాము. గార్డు బోల్టులు వేసిన చోట ఛాసిస్ కొన వంగింది.

దానికి కారణం ఇది. కంపెనీ బంపరు పలచగా ఉండేది మోసం కాదు. తగిలినప్పుడు అది నలిగి దెబ్బను తను తీసుకుంటుంది. బంపరు పోతే మార్చుకోవచ్చు. గార్డు నలగదు, దెబ్బను అట్లే ఛాసిస్‌కు, లోపల కూర్చున్న మనకు పంపుతుంది. అడ్డం వచ్చిన మనిషికి తగిలితే ఇంకా ఘోరం. బండి ముందు కొసన అంత బరువు వేలాడితే ముందు సస్పెన్షన్ తొందరగా అరుగుతుంది. ఎయిర్ బ్యాగులున్న బండ్లలో అవి తెరుచుకునే లెక్క కూడా తప్పుతుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇట్లాంటి గార్డుల మీద చర్య తీసుకోమని అన్ని రాష్ట్రాలకూ రాసింది. ఇవి చట్టంలో 52వ సెక్షనుకు విరుద్ధం. 2019 సవరణలో వచ్చిన 182ఎ ప్రకారం, ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుల్మానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి కదా, అప్పుడు గార్డు విప్పుకుని పోయి మళ్ళీ బిగించుకునేవాళ్ళూ ఉన్నారు. ప్రమాదం జరిగిన రోజు అది బండికే ఉంటుంది, ఇన్సూరెన్సు వాళ్ళు కొర్రీ పెట్టడానికి అది చాలు.

దాని బదులు కంపెనీ రకం బంపరు కొత్తది వేసి, బ్రాకెట్లు తుప్పు లేకుండా బిగించి, హెడ్‌లైట్లు సరిచేయించినాము. వెనక ఎత్తైన బండిలో లైటు దగ్గరే నేల మీద పడుతుంది, దూరం కనపడదు. ఎత్తు సరైనాక లైటు కూడా సరి చూపించుకోండి. ఆవు నుంచి కాపాడేది లైటు, బ్రేకు, మెల్లగా పోవడం. ఇనుము కాదు.

*గూళ్ళు ఎక్కించేటప్పుడు*

బండి ఎంత బాగున్నా ఎక్కించే తీరు కూడా చూడాలి. అన్నిటికంటే ఎక్కువ ఎగిరేది తొట్టి చివర. సంచులను వెనక ఇరుసుకు ముందు, క్యాబిను వైపుగా పెట్టండి. సంచి కూరకుండా వదులుగా నింపండి. ఒకదాని మీద ఒకటి అదిమి పేర్చకండి. కింద ఎండుగడ్డి గానీ, పాత స్పాంజి పరుపు గానీ వేయండి. ఎరువు తోలిన తొట్టిని బ్లీచింగు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరినాకే గూళ్ళు వేయండి, తడి తగిలితే అది ఇంకో నష్టం. చల్లటి పూట పోండి.

ఇంకొకటి, మాకు బాగా పనికొచ్చింది. బండి మరీ ఖాళీగా పోతే ఎక్కువ ఎగురుతుంది. కాస్త బరువుంటే కట్టలు వంగి మెత్తగా పోతుంది. అందుకని ఇప్పుడు ఒక్కరమే పోము. అదే రోజు విడిపించిన పక్కింటి వాళ్ళ లాటు కూడా వేసుకుని కలిసి పోతాము. ఎవరి సంచికి వాళ్ళ గుర్తు కడతాము. బండి మెత్తగా పోతుంది, డీజిలు సగం సగం పడుతుంది.

పోయిన పంటలో రీలర్లు మా లాటులో పది గూళ్ళు కోసినారు. పదీ తెల్లగా ఉన్నాయి. నెల రోజులు రాత్రీ పగలూ మేపిన పంట, చివరి గంట ప్రయాణంలో పోగొట్టుకోకూడదు. మీ బండి కింద ఒకసారి టార్చి వేసి చూడండి. ఏమి కనిపించిందో గుంపులో రాయండి, ఫోటో పెడితే ఇంకా మంచిది.