రొట్టెల పండక్కి పోతున్నారా? సామానులో నాలుగు గట్టి కవర్లు పెట్టుకోండి

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండక్కి కనిగిరి వైపు నుంచి కూడా కుటుంబాలు పిల్లాపాపలతో వెళ్తుంటాయి. రూము దొరకని వాళ్లు స్వర్ణాల చెరువు పరిసరాల్లో షామియానాల కిందో, ఆరుబయటో రాత్రి గడపాల్సిందే. మన క్యాలెండర్ చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి పండగ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ మధ్య జూన్, జూలైల్లో వస్తోంది. పగలు ఉక్కపోత, సాయంత్రం ఉన్నట్టుండి జల్లు. అలాంటి చోట ఇంట్లో పడి ఉన్న ప్లాస్టిక్ కవర్లే అక్కరకొస్తాయి.

తడవకూడనివి: ఆధార్ కార్డు, డబ్బులు, ఫోను, బీపీ, షుగర్ మాత్రలు ఒక కవర్లో పెట్టి, గాలి తీసేసి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేయండి. దాన్ని తలకిందులుగా ఇంకో కవర్లో పెడితే నీళ్లు దిగవు. ఇన్సులిన్ మాత్రం కవర్లో చుట్టి ఎండలో ఉంచొద్దు, వేడికి పాడైపోతుంది.

నమాజ్ బట్టలు: జానిమాజ్, టోపీ, ఒక జత పాక్ బట్టలు విడిగా ఒక కవర్లో ఉంచండి. చెరువులో దిగి తడిసిన బట్టలకు ఒకటి, చంటిపిల్లల మురికి బట్టలకు మరొకటి. అన్నీ కలిపేస్తే నమాజ్ వేళకు తొడుక్కోడానికి ఏమీ మిగలదు. తడి బట్టల్ని కవర్లోనే మర్చిపోతే ముక్కవాసన వస్తుంది, వీలైనంత త్వరగా ఆరేయండి.

పడుకునే చోట: పెద్ద కవర్లను పక్కల చీల్చి నేలమీద పరిచి, పైన చాప వేస్తే చెమ్మ ఎక్కదు. చెప్పులు కూడా ఒక కవర్లో వేసి తల దగ్గర పెట్టుకోవచ్చు.

తిండి: వేడి రొట్టెలు కవర్లో కడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి, తొందరగా బూజు పడతాయి. ఆరాక గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. వేడి కూర, అన్నం కవర్లో అసలు పోయొద్దు, స్టీలు క్యారియరే మేలు. మిరప, పత్తి చేలకు వాడిన ఎరువుల సంచులు, పురుగుమందు కవర్లు ఎంత కడిగినా తిండికీ, పక్కకూ పనికిరావు.

జాగ్రత్త: చిన్నపిల్లల చేతికి కవర్లు ఇవ్వొద్దు. తలకు తొడుక్కుంటే ఊపిరాడదు, ప్రాణం మీదికొస్తుంది. పొయ్యి దగ్గర కూడా ఉంచొద్దు.

2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీబ్యాగులు నిషేధం. అవి ఎలాగూ దారిలోనే చిరిగిపోతాయి. పారేసిన కవర్లు గాలికి చెరువులో పడతాయి, తిండి వాసనకు పశువులు మింగి చస్తాయి. కాల్చితే ఆ పొగ మన పిల్లలకే. వెళ్లేటప్పుడు ఎన్ని కవర్లు తీసుకెళ్లారో లెక్క పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు అన్నీ బస్సెక్కాలి. దువా చేసిన చోటు మనం వచ్చాక కూడా శుభ్రంగా ఉండాలి కదా.