పాలు లేని బలము



నేడు నేను ముచ్చటింపదలచినవి రెండు విషయములు. ఒకటి, బైసికిలుపై చేయు బహుదూరప్రయాణము. రెండవది, పాడిపశువుల వ్యాపారమును నిరసించు ధర్మచింత. ఈ రెంటిని కలుపు ప్రశ్న యొక్కటే: పాలు లేక మనుష్యునకు బలము కలుగునా?

1939వ సంవత్సరమున టామీ గాడ్విన్ అను ఆంగ్లేయుడు ఒక్క యేడాదిలో 75,065 మైళ్లు బైసికిలు త్రొక్కెను. అనగా దినమునకు సగటున 205 మైళ్లకు పైమాట. 2016 జనవరి వరకు ఆ లెక్కను మించినవారు లేరు. అతడు మాంసము ముట్టనివాడు. కాని పాలు మానలేదు.

పాలను సైతము మానవలెనన్న వాదము 1944 నవంబరులో ఇంగ్లండున ఒక సంఘరూపము దాల్చెను. వడ్రంగము నేర్పు ఉపాధ్యాయుడగు డోనాల్డ్ వాట్సన్ కొలదిమంది మిత్రులతో గూడి 'వీగన్ సొసైటీ'ని స్థాపించెను. అతడు 95 ఏండ్లు జీవించి 2005లో కీర్తిశేషుడయ్యెను.

వారి వాదమేమి? ఈననిదే ఆవు పాలియ్యదు. ఈతకు ముందు తొమ్మిది నెలలకు పైగా చూలు మోయవలెను. పెద్ద వ్యాపారశాలలలో దూడను పుట్టిన ఒకటి రెండు దినములకే తల్లినుండి వేరుచేయుట సామాన్యము. పెయ్య యైనచో పాడికి పనికివచ్చును. కోడెదూడ గతి యేమి? మన తండ్రుల కాలమున అది నాగటికిని బండికిని ఎద్దయ్యెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప దాని కొలువు పోయినది. పాలకొరకు ఈనించుట మాత్రము నిలువలేదు. ఈ మాట పరదేశీయులదని త్రోసివేయ వీలులేదు. మన కొట్టములలోనే దీనికి సాక్ష్యము కలదు.

ఇక బలము మాట. దూరము త్రొక్కువాని కండరములకు ముఖ్యమైన ఇంధనము పిండిపదార్థము. కండరములలోను కాలేయములోను నిలువయుండునది కొలదిగంటల తీవ్రశ్రమకే చాలును. అందుచే వారు దారిలోనే అరటిపండ్లు, ఖర్జూరములు, రొట్టె, అన్నము తినుచు పోవుదురు. ఇందు పాలకు ప్రత్యేకస్థానము లేదు. మాంసకృత్తులకు అన్నమును పప్పును కలిపి తినిన ఒకదాని కొరతను మరియొకటి తీర్చును. సున్నపుధాతువు రాగులలో, ఎత్తుకు ఎత్తు చూచిన, ఆవుపాలకంటె రెండు రెట్లకు మించి యున్నది. నువ్వులలో ఇంకను హెచ్చు.

అయినను రెండు హెచ్చరికలు. బి-12 అను విటమిను శాకాహారమున నమ్మదగినంతగా దొరకదు. పాలను పూర్తిగా విడుచువారు దానిని మాత్రలరూపమున తీసికొనక తప్పదు. మరియు బైసికిలు సవారిలో ఎముకలపై దేహభారము తగినంత పడదు. గావున సవారి చేయువారు నడకయు, బరువులెత్తుటయు మానరాదు.

నేను మజ్జిగ లేనిదే భోజనము ముగించువాడను గాను. కావున మిమ్ము పాలు మానుడని చెప్పు అధికారము నాకు లేదు. కాని గోవును తల్లి యనువారము, ఆ తల్లి బిడ్డకు మనమేమి చేయుచున్నామో విచారింపవలదా? దూడకు ముందుగా చన్ను విడిచిన పెద్దల మర్యాదనైన నిలుపుదము; కోడెదూడను వీధిపాలు చేయకుందము. పాలు లేనిచో బలము లేదను సాకు మాత్రము ఇక చెల్లదు.