చిల్లరలో సిరులున్నాయా?

పాత నాణెం కంటబడితే చాలు... లక్షలొస్తాయన్న ఆశ. ఇంతకీ ఏది దాచుకోవాలి? ఏది ఖర్చుపెట్టేయాలి?

గూడూరు జంక్షన్‌కి రైళ్లు మూడు వైపుల నుంచి వస్తాయి. విజయవాడ, చెన్నై, రేణిగుంట. వాటితోపాటే ఆ ఊళ్ల చిల్లరా వస్తుంది. స్టేషన్ దగ్గర టీ కొట్టులోనో, నిమ్మకాయల మార్కెట్టు పక్కన కిరాణా దుకాణంలోనో తిరిగిచ్చే చిల్లరలో ఒక్కోసారి చిత్రమైన బిళ్ల తగులుతుంది. పదకొండు పలకల రెండు రూపాయలు, బరువైన పాత అయిదు రూపాయలు, ఇందిరాగాంధీ బొమ్మ ఉన్న నాణెం... 'ఇది దాస్తే డబ్బులొస్తాయట' అని పక్కనున్నవాళ్లు ఊరిస్తారు. నిజమేనా?

చాలావరకు కాదు. నాణేనికి వయసొక్కటే విలువ తెచ్చిపెట్టదు. ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎలా ఉన్నాయి, కావాలనుకునేవాళ్లు ఎందరు... ఈ నాలుగే ధరను నిర్ణయిస్తాయి. కోట్ల సంఖ్యలో అచ్చయిన బిళ్ల ముప్ఫయ్యేళ్లనాటిదైనా మామూలు బిళ్లే.

చుక్క చెప్పే ఊరు

చేతిలో ఉన్న నాణెం మీద సంవత్సరం అంకె కిందికి చూడండి. అయిదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. డైమండ్ గుర్తుంటే ముంబయి. చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది, ఒకే విలువ ఉన్న బిళ్ల ఒక టంకశాలలో విరివిగా, మరో దాంట్లో తక్కువగా తయారై ఉండొచ్చు. సేకరించేవాళ్లు ముందు వెతికేది అందుకే ఈ గుర్తుని.

చిల్లర కొరత తీర్చడానికి మన ప్రభుత్వం 1985లోనూ, 1990ల్లోనూ విదేశాల్లో కూడా నాణేలు ముద్రించి తెప్పించింది. 1985 రూపాయి బిళ్లల్లో కొన్నింటి మీద 'హెచ్' అక్షరం కనిపిస్తుంది. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న హీటన్ మింట్‌ది. ఇలాంటివి అమ్మి లక్షాధికారులు కాలేరు గానీ, పిల్లలతో ఓ డబ్బాలో పోగుచేయించడానికి బాగుంటాయి.

ఇవి చెల్లుతాయా?

పావలా, అంతకంటే తక్కువ విలువైన బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అర్ధరూపాయి మాత్రం దుకాణాల్లో తీసుకోకపోయినా చట్టప్రకారం చెల్లుతుంది. పదిరూపాయల బిళ్లలదీ అదే కథ. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ కలిపి 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టం చేసింది. కాబట్టి వాటిని 'చెల్లవేమో'నన్న భయంతో ఇంట్లో పోగుచేయనక్కర్లేదు.

పద్మం గుర్తున్న పసుపుపచ్చ ఇరవై పైసల బిళ్లలు చాలా ఇళ్లలో లక్ష్మీపూజ పళ్లెంలో ఉంటాయి. వాటిలో బంగారం కలిసిందని ఒకప్పుడు పుకారు. అది వట్టిదే. రాగి కలిసిన మామూలు లోహమే. పూజకు దాచుకుంటే మాత్రం ఎవరూ కాదనరు.

బామ్మగారి పెట్టెలో...

అసలు జాగ్రత్తగా చూడాల్సింది జేబులోని చిల్లర కాదు, పాత పెట్టె అడుగున మూటకట్టిన రూపాయలు. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలున్న వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో సుమారు 10.7 గ్రాములు వెండి. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటుంది. వెండిది అంటుకోదు. 1969-70ల్లో వచ్చిన గాంధీజీ పదిరూపాయల బిళ్లలోనూ 12 గ్రాముల వెండి ఉంది. అంటే వీటికి ఆనాటి వెండి ధరే కనీస విలువ. అంతకు తక్కువకి ఇచ్చేయకూడదు.

కొన్నింటికి అంతకంటే ఎక్కువే పలుకుతుంది. 1911 నాటి అయిదో జార్జి రూపాయి మీద చక్రవర్తి దుస్తుల్లో ఉన్న చిన్న ఏనుగు జనానికి పందిలా కనిపించింది. గొడవై ప్రభుత్వం వాటిని ఆపేసి, చాలావాటిని కరిగించి, మర్నాటి ఏడాది బొమ్మ మార్చింది. మిగిలినవాటికి గిరాకీ అందుకే. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి మరీ అరుదు. నకిలీలు ఎక్కువగా వచ్చేదీ అందులోనే.

కరిగిపోయిన రోమ్ బంగారం

నాణెం విలువ తెలియకపోతే ఏమవుతుందో నెల్లూరు సీమకు బాగా తెలుసు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఓ రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, వాటికింద ఓ ముంత. నిండా క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు! పాపం ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. నవాబు అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా తిరిగి సంపాదించగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలోంచి హేడ్రియన్, ఫాస్టీనా బొమ్మలున్న రెండింటిని ఎంచుకున్నాడు. ఆ సంగతంతా 1790లో 'ఏషియాటిక్ రిసెర్చెస్' సంపుటిలో అచ్చయింది. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్నింటికి చిల్లులున్నాయి, నగలుగా వేసుకున్నారన్నమాట.

ఇప్పుడైతే అలా అమ్మేయడం కుదరదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించి విలువచేసే నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన పురావస్తువుల్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

ముందు ఫీజు అడిగితే...

'వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలు' అంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనల్ని నమ్మకండి. అవి 2012లో విడుదలైన నాణేలు. అలాగే, రామదర్బారు బొమ్మతో '1818, ఈస్ట్ ఇండియా కంపెనీ' అని రాసున్న రాగి బిళ్లలు అసలు నాణేలే కావు, తర్వాతి కాలంలో తయారైన పతకాలు. మోసగాళ్ల పద్ధతి ఒకటే. ముందు ఆశ పెడతారు. ఆనక కమీషననీ, పన్ననీ, రిజిస్ట్రేషన్ ఫీజనీ మనతోనే డబ్బు కట్టించుకుంటారు. తమ పేరు వాడుకుంటూ ఇలా వసూలు చేస్తున్నారనీ, తామెవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజల్ని హెచ్చరించింది. నిజంగా కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు.

తోమితే ధర పోతుంది

దాచదలచుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. చింతపండుతోనో బూడిదతోనో తళతళా తోమకండి. గీతలు పడిన నాణేన్ని సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారు. వేళ్లతో ముఖభాగాన్ని కాకుండా అంచుల్ని పట్టుకోండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో తేమ ఎక్కువ. మెత్తటి ప్లాస్టిక్ కవర్లకు బదులు పొడి కాగితపు కవర్లలో విడివిడిగా ఉంచండి. కరిగించడం మాత్రం వద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం ప్రభుత్వ నాణేల్ని కరిగించడం, ధ్వంసం చేయడం శిక్షార్హం.

అసలు నాణేలు ఎలా ఉంటాయో కళ్లతో చూడాలనుకుంటే గూడూరులో రైలెక్కండి. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. హైదరాబాద్ వెళ్తే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో ఏర్పాటైన మ్యూజియం చూడొచ్చు. ఓసారి చూసొచ్చాక ఇంట్లో మూట విప్పితే, ఏది వెండో, ఏది పూజకో, ఏది రేపటి పాలప్యాకెట్టుకో సులువుగానే తేలిపోతుంది.