పాత ప్రోగ్రాము, కొత్త కెర్నెల్

లినక్స్‌లో కెర్నెల్ ఎంత మారినా దాని మీద నడిచే ప్రోగ్రాములు చెడకూడదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టే నియమం ఇది. ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా ప్రోగ్రాము సిస్టమ్ కాల్ ద్వారానే అడగాలి. కెర్నెల్ లోపల ఏం తిరగరాసినా ఆ కాల్ తీరు మారకపోతే చాలు.

ఒక ఫైలుకు ‘సంతోష్‌నగర్’ అని పేరు పెడితే, కెర్నెల్‌కు అందేది యూటీఎఫ్-8లో 33 బైట్లు. ‘ష్’, ‘న’ కలిసిపోకుండా అడ్డుపడే కనిపించని గుర్తుతో కలిపి 11 సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు. ఏ ఒత్తు ఎక్కడ పడాలో చూసుకునేవి కెర్నెల్ బయట ఉండే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు. కెర్నెల్‌కు సాధారణంగా ఆ బైట్లలో కావలసింది ఏటవాలు గీత, సున్నా బైటు మాత్రమే. స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ తెలుగు మెనూలు కెర్నెల్ బయటి సంగతే.

చిక్కంతా పేరుతో పాటు పంపే, ఫైలును ఎలా తెరవాలో చెప్పే ఫ్లాగులతోనే. పాత ‘ఓపెన్’ కాల్ తనకు తెలియని ఫ్లాగును పట్టించుకోదు. కొత్త సౌకర్యం అడిగితే పాత కెర్నెల్ లేదనకుండా, సరేనని ఇంకేదో చేసి పెడుతుంది. ఇది మొదట్లోనే జరిగిన డిజైన్ లోపం. 2013లో 3.11 కెర్నెల్‌లో పేరులేని తాత్కాలిక ఫైళ్ల కోసం ‘ఓ_టీఎంపీఫైల్’ చేర్చినప్పుడు దీన్ని ముచ్చటగా దాటారు. కొత్త బిట్టుకు ‘ఇది డైరెక్టరీ’ అనే పాత ఫ్లాగును జోడించి, రాసేందుకు తెరవడాన్ని తప్పనిసరి చేశారు. పాత కెర్నెల్‌కు కొత్త బిట్టు కనిపించదు. డైరెక్టరీని రాయడానికి తెరవమన్నారనుకుని, కుదరదని ఎర్రర్ ఇస్తుంది. ప్రోగ్రాముకు కావలసిన జవాబు సరిగ్గా అదే.

ఇలాంటి ఉపాయం ప్రతిసారీ దొరకదు. 2020లో 5.6తో వచ్చిన ‘ఓపెన్‌ఏటీ2’ అనే కొత్త కాల్ తెలియని ఫ్లాగును నిక్కచ్చిగా తిరస్కరిస్తుంది. అంతకన్నా అందమైన సంగతి మరొకటి ఉంది: వివరాలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, దాని సైజు కూడా చెప్పాలి. మొదట అది 24 బైట్లు: ఫ్లాగులకు 8, అనుమతులకు 8, దారి వెతికే నియమాలకు 8. రేపు మరో 8 బైట్ల గడి చేరి 32 అయిందనుకుందాం. పాత ప్రోగ్రాము 24 బైట్లే పంపితే కొత్త కెర్నెల్ మిగతా 8 సున్నాలతో నింపుకుంటుంది. కొత్త గడిలో సున్నా ఉంటే పాత ప్రవర్తనే అని ముందే ఒప్పందం. కొత్త ప్రోగ్రాము పాత కెర్నెల్‌కు 32 పంపితే, అది తనకు అర్థంకాని చివరి 8 బైట్లను తడిమి చూస్తుంది. అన్నీ సున్నాలైతే పని జరుగుతుంది. ఒక్క బిట్టు వెలిగి ఉన్నా ‘ఈ2బిగ్’ అనే ఎర్రర్‌తో వెనక్కి పంపుతుంది. ఎటునుంచి చూసినా పొరపాటు అర్థానికి చోటు లేదు.

2009లో 2.6.31తో వచ్చిన, పనితీరును కొలిచే పెర్ఫ్ అప్పటికే ఈ దారిలో నడిచింది. దాని స్ట్రక్చర్ 64 బైట్లతో మొదలై రెట్టింపు దాటింది. 2019లో కొత్త ప్రాసెస్‌ను సృష్టించే ‘క్లోన్3’ కూడా ఇదే పద్ధతిలో వచ్చింది; అదే ఏడాది 5.4లో అలెక్సా సరాయ్ ఈ తనిఖీని అన్ని కాల్‌లూ వాడుకునే ఒకే ఫంక్షన్‌గా మార్చారు.

ఈ హామీ కెర్నెల్ బయటి ప్రోగ్రాములకే. లోపల నడిచే మాడ్యూళ్లకు అలాంటిదేమీ లేదు; అందుకే కెర్నెల్ సోర్సుతో కాకుండా విడిగా ఇచ్చే డ్రైవర్లను కెర్నెల్ మారినప్పుడు మళ్లీ కంపైల్ చేయాల్సి వస్తుంది.